లైటు ఆరింది, వాల్వు మూసుకోలేదు

పోయిన నెల, శ్రీకాకుళం జిల్లాలో అణు విద్యుత్ ప్లాంటు పెడతామంటున్న కొవ్వాడ మీద వచ్చిన ఒక ఉత్తరానికి జవాబిస్తూ మధ్యలో ఒక్క లైను రాశాను, అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్‌లో 1979లో రియాక్టర్ సగం కరిగినా బయట ఎవరూ చనిపోలేదు అని. ఆ ఒక్క లైనుకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షిక మొదలెట్టాక ఎప్పుడూ రాలేదు. తిట్లు కూడా ఉన్నాయి, వాటిల్లో కొన్ని నాకు నచ్చాయి. అందుకే ఈ నెల బాయిలర్లూ, ఇన్వర్టర్లూ, గీజర్ల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి మొత్తం ఈ సంగతికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సార్, మీరు కూడా కంపెనీ వాళ్ళలాగే మాట్లాడుతున్నారు. రియాక్టర్ సగం కరిగితే ఎవరూ చావకుండా ఎలా ఉంటారు? ఎవరూ చావకపోతే దాన్ని అంత పెద్ద యాక్సిడెంట్ అని ఎందుకంటారు? రెండిట్లో ఒకటే నిజం అయ్యుండాలి. అసలేం జరిగిందో మొదట్నించీ చెప్పండి.
– డిగ్రీ విద్యార్థి, రణస్థలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రెండూ నిజమే తమ్ముడూ. కంపెనీ మనిషినన్నావు, సరే పడతాను, కానీ నేను 27 ఏళ్ళు బొగ్గు ప్లాంటులో షిఫ్టులు చేసినవాణ్ణి, అణు ప్లాంటు జీతం ఒక్క నెల కూడా తినలేదు. కాకపోతే ఫీడ్ పంపులు, టర్బైన్, కంట్రోల్ రూమ్, రాత్రి డ్యూటీ నిద్రమత్తు, ఇవి రెండు చోట్లా ఒకటే, కాబట్టి ఆ రాత్రి అక్కడ ఉన్నవాళ్ళ అవస్థ నాకు కొంచెం అర్థమవుతుంది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో సస్క్వెహానా అని పెద్ద నది. రాజధాని హారిస్‌బర్గ్ దాటి దిగువకి ఓ 16 కిలోమీటర్లు వెళ్తే నది మధ్యలో ఒక లంక ఉంటుంది, మన గోదావరి లంకల్లాగే, అదే త్రీ మైల్ ఐలాండ్. దానిమీద రెండు రియాక్టర్లు. రెండోది బ్యాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ వాళ్ళు తయారుచేసింది, నడిపేది మెట్రోపాలిటన్ ఎడిసన్ అనే కరెంటు కంపెనీ. అది అధికారికంగా ఉత్పత్తి మొదలుపెట్టింది 1978 డిసెంబర్ 30న, అంటే ప్రమాదం నాటికి దానికి మూడు నెలలు కూడా నిండలేదు.

1979 మార్చి 28, బుధవారం, తెల్లవారుజామున 4 గంటలు, 97 శాతం లోడ్ మీద నడుస్తోంది. కింద కండెన్సేట్ పాలిషర్‌లో, అంటే నీళ్ళని శుభ్రం చేసే యూనిట్‌లో, రెసిన్ అడ్డుపడి గడ్డకట్టింది, దాన్ని వదిలించడానికి మనుషులు రాత్రంతా కుస్తీ పడుతున్నారు, ఆ తంటాల్లో వాల్వులు మూసుకుపోయాయి, నీళ్ళు తోసే ఫీడ్ పంపులు ట్రిప్, అంటే వాటంతటవే ఆగిపోయాయి, వెంటనే టర్బైన్ ట్రిప్. ఇంతవరకూ ఇది యాక్సిడెంటే కాదు. ఇలాంటి ట్రిప్పులు మా ప్లాంటులో లెక్కలేనన్ని చూశాం, తిట్టుకుంటూ మళ్ళీ లైటప్ చేసుకునేవాళ్ళం.

స్టాండ్‌బై పంపులు వాటంతటవే స్టార్ట్ అయ్యాయి. కానీ వాటి దారిలో ఉన్న రెండు వాల్వులు మూసి ఉన్నాయి, రెండ్రోజుల కిందట టెస్టింగ్ కోసం మూసినవి తెరవలేదు. ప్యానెల్ మీద ఆ సంగతి చెప్పే లైట్లలో ఒకదానిమీద మెయింటెనెన్స్ ట్యాగ్ వేలాడుతోంది. ఎనిమిది నిమిషాల తర్వాత ఎవరో చూసి తెరిచారు. ఈలోపు రియాక్టర్‌లో ప్రెజర్ పెరిగి, కుక్కర్ విజిల్ లేచినట్టు రిలీఫ్ వాల్వు తెరుచుకుంది, రియాక్టర్ కూడా కొన్ని సెకన్లలోనే దానంతటదే ఆగిపోయింది. ప్రెజర్ దిగింది. ఇప్పుడు ఆ వాల్వు మూసుకోవాలి, పట్టేసింది, మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లో దాని లైటు మాత్రం ఆరిపోయింది.

కథంతా ఈ లైటు దగ్గరే ఉంది. ఆ లైటుని వాల్వుకి కలపలేదు, వాల్వుకి వెళ్ళే ఆర్డరుకి కలిపారు. తెరుచుకో అని కరెంటు వెళ్తున్నంతసేపూ వెలుగుతుంది, ఆ కరెంటు ఆగితే ఆరిపోతుంది, వాల్వు నిజంగా మూసుకుందా లేదా అన్నది ఆ లైటుకి తెలీదు. ఆఫీసరు సంతకం పెట్టేశాడు కాబట్టి ఊళ్ళో రోడ్డు పడిపోయిందనుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఆ తెరిచి ఉన్న వాల్వులోంచి 2 గంటల 22 నిమిషాలపాటు నీళ్ళు పోయాయి, మొత్తం 32,000 గ్యాలన్లు, అంటే మన లెక్కలో 1 లక్షా 20 వేల లీటర్లు. ఎమర్జెన్సీ పంపులు రెండు నిమిషాలకే ఆటోమేటిక్‌గా వచ్చాయి, నీళ్ళు తోస్తున్నాయి, వాటిని అలా వదిలేసి ఉంటే ఈ ప్రమాదమే లేదు, కానీ ఆపరేటర్లు వాటిని తగ్గించేశారు. ఎందుకు తగ్గించారో కింది ప్రశ్నలో చెప్తాను. రియాక్టర్ ఆపినా లోపల ఇంధనం వేడి తగ్గదు, పొయ్యిలో మంట ఆర్పినా నిప్పులు కణకణలాడుతున్నట్టే, నీళ్ళు లేకపోతే తనని తానే కరిగించుకుంటుంది. కరిగించుకుంది. ఎంత కరిగిందో అప్పుడు ఎవరికీ తెలీదు, 1982లో లోపలికి కెమెరా దింపితే కోర్, అంటే ఇంధనం ఉండే గుండెకాయ భాగం, దాని పైభాగంలో ఏమీ లేదు, ఖాళీ. తర్వాత తేలింది సగం దాకా కరిగిందని, ఓ 20 టన్నులు పాత్ర అడుక్కి జారిందని.

అడుక్కి జారింది, కానీ ఉక్కు పాత్ర పగల్లేదు, చుట్టూ ఉన్న మందపాటి కాంక్రీటు డోమ్ పగల్లేదు. బయటికి వచ్చింది ఎక్కువగా జెనాన్, క్రిప్టాన్ వాయువులు, ఇవి గాల్లో కలిసిపోయేవి, ఒంట్లో నిలవ ఉండేవి కావు, ప్రమాదకరమైన అయోడిన్ మాత్రం చాలా కొద్దిగా వచ్చింది. అక్కడి రెగ్యులేటర్, అంటే అణు ప్లాంట్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ, లెక్క ప్రకారం చుట్టుపక్కల ఉన్న 20 లక్షలమందికి సగటున పడిన రేడియేషన్ మోతాదు సుమారు 1 మిల్లీరెమ్, ఛాతీ ఎక్స్‌రేకి 6 దాకా పడుతుంది. చెర్నోబిల్‌లో ఇలాంటి డోమ్ లేదు, అక్కడేమైందో నీకు తెలిసిందే. కాబట్టి ఎవరూ చావకపోవడం నిజం, దానికి కారణం కాంక్రీటు. ఆ గోడ లోపల మాత్రం మనుషులూ, కాగితాలూ, రూల్సూ అన్నీ ఫెయిలయ్యాయి.

ప్రశ్న: నమస్తే అన్నా. నేను ప్యానెళ్ళ వైరింగ్ పనిచేసి రిటైరైనవాణ్ణి. మాకు ట్రైనింగ్‌లో చెప్పేటోళ్ళు, త్రీ మైల్ ఐలాండ్‌ల ఆపరేటర్లు పొరపాటు చేసిండ్రు అని. లైటుదైతే వైరింగ్ చేసినోడిది తప్పు గాదా? అసలు తప్పెవరిది?
– కుషాయిగూడ, హైదరాబాద్

జవాబు: అన్నా, మీ ప్రశ్న చూసి మనసుకి హాయిగా అనిపించింది, ఇన్నాళ్ళకి లైటు దగ్గర మొదలెట్టిన మనిషి దొరికాడు.

డ్యూటీలో నలుగురు, నలుగురూ అమెరికా నేవీ అణు విభాగంలో పనిచేసి వచ్చినవాళ్ళే, సోమరులు కారు, చదువు రానివాళ్ళూ కారు. నేవీలో వాళ్ళకి నూరిపోసింది ఒకటి, ప్రెజరైజర్ అనే ట్యాంకు నిండా నీళ్ళు నిండనివ్వకూడదు, పైన ఆవిరి కుషన్ ఉండాలి, లేకపోతే ప్రెజర్ మీద కంట్రోల్ పోతుంది అని. ఆ రాత్రి వాల్వు ఆ ట్యాంకు పైనే తెరుచుకుని ఉంది కాబట్టి నీళ్ళు అటువైపు ఎగబాకుతున్నాయి, మీటర్లో లెవెల్ పెరుగుతోంది. రియాక్టర్‌లో నీళ్ళ లెవెల్ ఎంతో నేరుగా చూపించే మీటరే లేదు. ట్యాంకు నిండుతోందంటే కింద అంతా నిండుగా ఉన్నట్టే అనుకున్నారు, ఎమర్జెన్సీ పంపుల్ని తగ్గించారు. కింద ఖాళీ అవుతుంటే పైన నిండుతుందని వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, వాళ్ళు ట్రైనింగ్ తీసుకున్న సిమ్యులేటర్‌కి కూడా ఆ సంగతి రాదు.

పైగా మొదటి నిమిషాల్లోనే వందకి పైగా అలారాలు. హూటర్ ఒకపక్క, ఏ అలారమో చూపే అనన్సియేటర్ కిటికీలన్నీ ఒకేసారి మిణుకుమిణుకులు. అలారాల్ని ప్రింట్ చేసే మిషన్ రెండు గంటలు వెనకబడిపోయింది. వాల్వు కారిన నీళ్ళు చేరే ట్యాంకు మీటరు ఎక్కడుందో తెలుసా, ప్యానెల్ వెనకాల! వాల్వు గొట్టం వేడిగా ఉందని మీటర్ చూపించింది, కానీ అది అంతకుముందు వారాల నుంచే కొంచెం కొంచెం కారుతోంది, ఎప్పుడూ వేడిగానే ఉంటుందిలే అని అలవాటు పడిపోయారు. అలవాటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చివరికి ఆ వాల్వు ముందున్న ఇంకో వాల్వుని మూయించింది పొద్దున్న 6 గంటలప్పుడు కొత్తగా వచ్చిన మనిషి, రాత్రంతా హూటర్ విననివాడు. 6:22కి మూసుకుంది, కానీ అప్పటికే కోర్ పైభాగం బయటపడిపోయింది.

మా ప్లాంటులో నాకూ ఒకటి జరిగింది, చెప్తే నా పరువు పోతుంది గానీ చెప్తాను. ఒక డ్రెయిన్ వాల్వుకి ప్యానెల్ మీద క్లోజ్ లైటు వెలుగుతోంది, కింద నుంచి హెల్పర్ ఫోన్ చేసి సార్ ఇంకా ఆవిరి పోతానే ఉంది అన్నాడు, నేను కుర్చీలోంచి లేవకుండా క్లోజ్ చూపిస్తోందిరా నీకేం తెలుసు అన్నాను. రెండోసారి చేశాడు, విసుక్కున్నాను. మూడోసారి మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ నన్ను చెవి పట్టుకున్నంత పనిచేసి కిందకి పంపించాడు. వాల్వు మూసుకుందో లేదో ప్యానెల్‌కి చెప్పే లిమిట్ స్విచ్ బ్రాకెట్ ఊడి వేలాడుతోంది, వాల్వు సగం తెరిచే ఉంది. అప్పటికి నాకు 12 ఏళ్ళ సర్వీసు.

ఇంక అసలు తప్పు సంగతి. ఇదే కంపెనీ తయారుచేసిన ఇంకో రియాక్టర్ ఒహాయో రాష్ట్రంలో ఉంది, డేవిస్ బెస్సీ. అక్కడ 1977 సెప్టెంబర్ 24న అచ్చం ఇలాగే ఫీడ్‌వాటర్ ఆగి, రిలీఫ్ వాల్వు పట్టేసి, ట్యాంకు నిండుతోందని ఆపరేటర్లు ఎమర్జెన్సీ పంపుల్ని ఆపారు. అప్పుడు 9 శాతం లోడే, ఓ 20 నిమిషాల్లో తెలుసుకుని మూశారు, గండం గడిచింది. ఆ తర్వాత రియాక్టర్ తయారుచేసిన కంపెనీలోనే బెర్ట్ డన్ అనే ఇంజనీరు 1978 ఫిబ్రవరిలో లోపలి మెమో రాశాడు, ఇది ఫుల్ లోడ్ మీద జరిగితే కోర్ బయటపడుతుంది, పంపులు ఆపొద్దని మన కస్టమర్లందరికీ చెప్పండి అని. ఆ కాగితం ఆ టేబుల్ మీంచి ఈ టేబుల్ మీదకి తిరిగింది, సందేహాలు రాశారు, జవాబులు ఆలస్యమయ్యాయి, ప్లాంట్లకి మాత్రం వెళ్ళలేదు. 13 నెలలు గడిచాయి. రెగ్యులేటర్‌కి కూడా డేవిస్ బెస్సీ సంగతి తెలుసు, మిగతా ప్లాంట్లకి హెచ్చరిక పంపాలన్న ఆలోచన రాలేదు.

మరి వైరింగ్ చేసినోడిది తప్పా అంటే, కాదన్నా, డ్రాయింగ్‌లో ఉన్నదే కదా మీరు కలిపేది. మొదట్లో ఆ వాల్వుకి అసలు లైటే లేదట, ప్లాంటు పనులు జరుగుతున్నప్పుడు ఒకసారి తెరుచుకుని ఉండిపోతే అప్పుడు పెట్టించారు, ఆ పెట్టించడంలో చౌకగా అయ్యే దారి చూశారు.

ప్రశ్న: హైడ్రోజన్ బుడగ పేలుతుందని అప్పుడు లక్షమంది పారిపోయారని చదివాను. నీళ్ళలోంచి హైడ్రోజన్ ఎలా వచ్చింది? అది పేలే అవకాశం నిజంగా ఉందా? తర్వాత క్యాన్సర్లు రాలేదా?
– సైన్స్ టీచర్, కావలి

జవాబు: మాస్టారూ, రసాయనం మీకే బాగా తెలుసు. ఇంధనం గుళికల్ని జిర్కలాయ్ గొట్టాల్లో పెడతారు, మన హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో మన రియాక్టర్లకి తయారుచేసేవీ ఇవే. మామూలు వేడిలో బంగారంలాంటి లోహం, కానీ ఓ 1,200 డిగ్రీల దగ్గరికి వెళ్తే ఆవిరిలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది, హైడ్రోజన్ మిగుల్తుంది. ఆ బుధవారం మధ్యాహ్నం దాదాపు 2 గంటలకి ఆ హైడ్రోజన్ డోమ్‌లో నిజంగానే భగ్గుమంది, గ్రాఫ్ మీద ప్రెజర్ గీత ఒక్కసారి పైకి లేచి దిగింది, ధబ్‌మని చప్పుడు కూడా వినిపించింది, ఏదో ఎలక్ట్రికల్ నాయిస్ అనుకుని వదిలేశారు! డోమ్ తట్టుకుంది కాబట్టి సరిపోయింది.

జనం భయపడింది దానికి కాదు, శుక్రవారం నుంచి రియాక్టర్ పాత్రలోపల ఉన్న బుడగకి. అది పేలాలంటే ఆక్సిజన్ కావాలి, అక్కడ ఆక్సిజన్ లేదు, చేరే దారీ లేదు, ఆదివారానికి గానీ వాషింగ్టన్‌లో లెక్కలు సరిగ్గా తేలలేదు. ఈలోపు టీవీలో పేలుడు, పేలుడు అని.

శుక్రవారం పొద్దున్న జరిగింది వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. రెగ్యులేటర్ హెడ్డాఫీసులో ఒకాయన, గ్యాస్ ట్యాంకు లీకైతే నేలమీద రేడియేషన్ ఎంతుంటుందా అని కాగితం మీద లెక్కేస్తే గంటకి 1,200 మిల్లీరెమ్ వచ్చింది, సరిగ్గా అదే నిమిషంలో ప్లాంటు నుంచి కబురు, హెలికాప్టర్‌లో కొలిస్తే 1,200 వచ్చిందని. రెండూ కలిశాయి, ఇంకేముంది జనాన్ని ఖాళీ చేయించండి అన్నారు. హెలికాప్టర్ కొలిచింది ప్లాంటు నుంచి వాయువులు వదిలే గొట్టం మూతికి ఓ 130 అడుగులపైన, ఊళ్ళో కాదు. చివరికి గవర్నర్ డిక్ థార్న్‌బర్గ్ 5 మైళ్ళలోపున్న గర్భిణులు, బడికి వెళ్ళని చిన్నపిల్లలు మాత్రం వెళ్ళిపోవడం మంచిది అన్నాడు. అలా అంటే ఎవరాగుతారు మాస్టారూ, ఇంట్లో ఆడపిల్లని పంపి మగాళ్ళు ఉంటారా, దాదాపు 1 లక్షా 40 వేలమంది కార్లెక్కి వెళ్ళిపోయారు. ఆదివారం అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వచ్చి కంట్రోల్ రూమ్‌లో తిరిగాక కొంచెం సద్దుమణిగింది, ఆయన కూడా ఒకప్పుడు నేవీ అణు విభాగం మనిషే.

క్యాన్సర్ల సంగతి ఒక్క మాటలో చెప్పలేను. ఎక్కువ అధ్యయనాలు రేడియేషన్‌కి ముడిపెట్టగలిగేంత పెరుగుదల లేదన్నాయి, 1997లో స్టీవ్ వింగ్ బృందం మాత్రం గాలి వీచిన వైపు ఊపిరితిత్తుల క్యాన్సర్, ల్యుకేమియా పెరిగాయని అవే లెక్కల్ని మళ్ళీ చూసి వాదించింది. నేను మొదటివాళ్ళ వైపే మొగ్గుతాను, కానీ మొదటి గంటల్లో గొట్టం మూతి దగ్గర మీటర్లు స్కేలు దాటిపోయాయన్నది కూడా నిజం కాబట్టి ఎదుటివాళ్ళని పిచ్చివాళ్ళని అనను.

ప్రశ్న: సార్, గ్రూప్-1 ప్రిపేరవుతున్నాను. త్రీ మైల్ ఐలాండ్ తర్వాత న్యూక్లియర్ సేఫ్టీ రెగ్యులేషన్‌లో వచ్చిన మార్పులు పాయింట్లుగా రాస్తే నోట్స్ చేసుకుంటాను.
– అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: పాయింట్లుగా రాయను బాబూ, రాస్తే నువ్వు బట్టీ కొడతావు. కథలా చదువు, నోట్స్ నువ్వు చేసుకో.

అమెరికా రెగ్యులేటర్ పేరు న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్, ఎన్‌ఆర్‌సీ. అంతకుముందు అణుశక్తి కమిషన్ అని ఒక్కటే ఉండేది, రియాక్టర్లు పెట్టండి అని ప్రోత్సహించేదీ అదే, తప్పులు పట్టాల్సిందీ అదే. 1975లో విడదీశారు. విడదీసినా మనుషులు వాళ్ళే, ఆలోచన అదే. వాళ్ళ ఆలోచనంతా అతి పెద్ద పైపు ఒక్కసారి రెండు ముక్కలైతే ఏంటి అన్న దానిమీదే ఉండేది, దానికి తట్టుకుంటే మిగతా చిన్నా చితకా అన్నిటికీ తట్టుకుంటుందని లెక్క. 1975లో ఎంఐటీ ప్రొఫెసర్ రాస్‌ముసెన్ ఆధ్వర్యంలో వచ్చిన రిపోర్టు మాత్రం చిన్న లీకులు, మనుషుల పొరపాట్లు, ఇవే ఎక్కువ ప్రమాదం అని చూపించింది. ఆ రిపోర్టు మీద విమర్శలొచ్చి 1979 జనవరిలో దాని సారాంశానికి ఎన్‌ఆర్‌సీ తన ఆమోదం వెనక్కి తీసుకుంది. రెండు నెలలకే ఈ ప్రమాదం. విమర్శల్లోనూ న్యాయం ఉందనుకో, అంకెలు మరీ ధైర్యంగా చెప్పారు, కానీ పనికొచ్చే ముక్క కూడా వాటితోపాటే కొట్టుకుపోయింది.

ప్రమాదం తర్వాత కార్టర్ 12 మందితో కమిషన్ వేశాడు, అధ్యక్షుడు జాన్ కెమెనీ, డార్ట్‌మత్ కాలేజీ ప్రెసిడెంట్, లెక్కల ప్రొఫెసర్, బేసిక్ కంప్యూటర్ భాష తయారుచేసిన ఇద్దరిలో ఒకడు. మా బ్యాచ్‌లో కంప్యూటర్ ముట్టుకున్నవాళ్ళంతా మొదట నేర్చుకున్నది అదే. ఆ కమిషన్‌లో ప్లాంటు పక్కన మిడిల్‌టౌన్‌లో ఉండే ఒక గృహిణిని కూడా వేశారు, ఇది నాకు చాలా నచ్చింది. 1979 అక్టోబర్ చివర్లో రిపోర్టిచ్చారు. సారం ఏంటంటే, యంత్రాలు బాగానే ఉన్నాయి, మార్చాల్సింది మనుషుల ఆలోచన, ముఖ్యంగా ఎన్‌ఆర్‌సీ ఆలోచన, రూల్స్ గుట్టలుగా ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు అని.

దానికి ఎన్‌ఆర్‌సీ ఏం చేసింది, ఇంకో గుట్ట రూల్స్ తెచ్చింది, నవ్వకు. కానీ ఈ గుట్టలో బంగారం ఉంది. రిలీఫ్ వాల్వు లైటు ఇకమీదట వాల్వుకే కలపాలి, ఆర్డరుకి కాదు, అన్నారు. నీళ్ళు మరిగే స్థితికి ఎంత దూరంలో ఉన్నాయో నేరుగా చూపే మీటరు పెట్టమన్నారు. కంట్రోల్ రూములన్నిటినీ మనిషి కంటికి, చేతికి అనువుగా ఉన్నాయా అని మళ్ళీ పరీక్షించారు, అత్యవసరమైన పది పన్నెండు అంకెలు ఒకే తెర మీద కనపడాలన్నారు. ప్రతి షిఫ్టులో ఇంజనీరింగ్ చదివిన సాంకేతిక సలహాదారు ఒకడుండాలి, వాడి పని బటన్లు నొక్కడం కాదు, కొంచెం దూరంగా నిలబడి ఆలోచించడం.

నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప మార్పు ఎమర్జెన్సీ ప్రొసీజర్లది. అంతకుముందు ఆ పుస్తకాలు ఫలానా పైపు పగిలితే ఇది చెయ్, ఫలానా పంపు ఆగితే అది చెయ్ అని ఉండేవి, అంటే ముందు నీకు రోగం ఏదో తెలియాలి. ఆ రాత్రి వాళ్ళకి తెలియందే అది. కొత్త పద్ధతిలో రోగం పేరు తర్వాత, ముందు నీళ్ళున్నాయా, ప్రెజర్ ఎంత, వేడి ఎంత, వీటిని బట్టి చెయ్యి. ఎమర్జెన్సీ వార్డులో డాక్టరు రిపోర్టులు వచ్చేదాకా ఆగకుండా ముందు సెలైన్ ఎక్కించినట్టు. దానితోపాటు ఆ ప్లాంటుకి అచ్చు కాపీలాంటి సిమ్యులేటర్, ఆపరేటర్లు తరచూ అందులో కూర్చుని చెమటలు పట్టాలి.

ఇంక ఊళ్ళ సంగతి. 1980 రూల్ ప్రకారం ప్లాంటు చుట్టూ 10 మైళ్ళ వరకు జనాన్ని కాపాడే ప్లాను, 50 మైళ్ళ వరకు తిండి, పాలు, నీళ్ళ మీద నిఘా ప్లాను, స్థానిక ప్రభుత్వాలతో కలిసి చేసి చూపిస్తేనే లైసెన్స్. దీని పంజా ఎంత గట్టిదంటే న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో షోర్‌హామ్ అని ప్లాంటు మొత్తం కట్టేశారు, దాదాపు 600 కోట్ల డాలర్లు, 1983లో అక్కడి సఫోక్ కౌంటీ వాళ్ళు ఈ ద్వీపంలోంచి జనాన్ని ఖాళీ చేయించడం కుదరదు, మేం ప్లానులో చేరం అని మొండికేశారు. ఆ ప్లాంటు ఒక్క రోజు కూడా వ్యాపారానికి కరెంటు అమ్మకుండా మూతపడింది.

రెగ్యులేటర్ బయట ఇంకోటి జరిగింది. 1979 డిసెంబర్‌లో కరెంటు కంపెనీలన్నీ కలిసి అట్లాంటాలో ఇన్‌పో అనే సంస్థ పెట్టుకున్నాయి. ఒక ప్లాంటువాళ్ళు వెళ్ళి ఇంకో ప్లాంటుని తనిఖీ చేస్తారు, గ్రేడు ఇస్తారు, గ్రేడు బాగోకపోతే ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతుంది, ఒక ప్లాంటులో జరిగిన తప్పు మిగతా అందరికీ చేరుతుంది. డేవిస్ బెస్సీ కాగితం సొరుగులో ఉండిపోవడానికి ఇది మందు. ఒక చిక్కు ఉంది, ఆ గ్రేడులు జనానికి చెప్పరు. సర్కారు ఇన్‌స్పెక్టర్‌ని చూస్తే తప్పు దాచేవాడు తోటి ఇంజనీరుకి చెప్తాడు అన్నది వాళ్ళ వాదన, నా సర్వీసులో చూసినదాన్ని బట్టి ఆ వాదన నిజమే.

అమెరికాలో అణు ప్లాంట్లు ఆగిపోయింది ఈ ప్రమాదం వల్లే అని గైడుల్లో ఉంటుంది, అలా రాయకు. ఆర్డర్లు 1974 నుంచే పడిపోతున్నాయి, వడ్డీలు, పెరగని కరెంటు డిమాండు. కడుతున్నవాటికి కొత్త రూల్స్‌తో ఖర్చు పెరిగి చచ్చినంత పనైంది, అది వేరే సంగతి. 1979 తర్వాత కొత్త రియాక్టర్‌కి అనుమతి మళ్ళీ 2012లో గానీ రాలేదు, జార్జియాలో వోగ్టల్, ఏపీ1000 రకం.

ప్రశ్న: ఏపీ1000 అంటే మా పక్కన కొవ్వాడలో పెడతామంటున్నదే కదా. మనదేశం ఈ ప్రమాదం నుంచి ఏం నేర్చుకుంది? ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మేం ఏం అడగాలి?
– మత్స్యకార సంఘం సభ్యుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అదే బాబూ. కొవ్వాడలో 1,208 మెగావాట్లవి ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. ఆ డిజైన్ చూస్తే త్రీ మైల్ ఐలాండ్ పాఠం కనిపిస్తుంది, రియాక్టర్ పైన పెద్ద నీళ్ళ ట్యాంకు, కరెంటు లేకపోయినా, మనిషి చెయ్యి వెయ్యకపోయినా 72 గంటలపాటు నీళ్ళు వాటంతటవే దిగి చల్లారుస్తాయి. అంటే ఆ రాత్రి పంపుల్ని ఆపిన చేతుల్ని పక్కన పెట్టేశారు. ఆలోచన మంచిదే. కట్టడం దగ్గరికొస్తే వోగ్టల్ ఖర్చు రెట్టింపు దాటింది, ఏడేళ్ళు ఆలస్యమైంది, మధ్యలో 2017లో ఆ రియాక్టర్ తయారుచేసే వెస్టింగ్‌హౌస్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

మన పాఠం మనకి నరోరాలో వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున, 1993 మార్చి 31 తెల్లవారుజామున, టర్బైన్‌లో రెండు బ్లేడ్లు విరిగాయి. షాఫ్ట్ ఊగిపోయి జనరేటర్ హైడ్రోజన్ అంటుకుంది, ఆయిల్ అంటుకుంది, కేబుళ్ళు కాలిపోయాయి, కేబుళ్ళన్నీ ఒకేదారిలో ఉండటంతో స్టాండ్‌బైవి కూడా పోయి 17 గంటలు ప్లాంటు చీకట్లో ఉంది. కంట్రోల్ రూమ్ నిండా పొగ. కొందరు ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ బిల్డింగ్ పైకెక్కి చేత్తో వాల్వులు తిప్పి బోరాన్ ద్రవం లోపలికి వదిలారు, రియాక్షన్ మళ్ళీ రాజుకోకుండా. డీజిల్‌తో నడిచే ఫైర్ పంపుల నీళ్ళతో చల్లార్చారు. రేడియేషన్ బయటికి రాలేదు. వాళ్ళ పేర్లు మన పిల్లల పాఠాల్లో ఉండాలి.

కానీ అలాంటి టర్బైన్లలో బ్లేడ్లు పగులుతున్నాయని, డిజైన్ మార్చాలని విదేశీ డిజైనర్ల నుంచి 1989లోనే హెచ్చరిక వచ్చింది. అక్కడ మెమో, ఇక్కడ హెచ్చరిక! కేబుళ్ళ సంగతి కూడా కొత్త కాదు, 1975 మార్చిలో అమెరికాలో బ్రౌన్స్ ఫెర్రీ ప్లాంటులో గాలి లీకుందేమో చూడటానికి కొవ్వొత్తి వెలిగిస్తే కేబుళ్ళంటుకున్నాయి, అక్కడ దానికి రూల్స్ కూడా వచ్చేశాయి. ఇంతకీ అన్నీ మార్చిలోనే, ఫుకుషిమా కూడా, నాకు జాతకాల మీద నమ్మకం లేదు గానీ.

మన రెగ్యులేటర్ ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, 1983 నవంబర్‌లో పుట్టింది. అది రిపోర్టు చేసింది మన అణుశక్తి కమిషన్‌కి, ఆ కమిషన్ ఛైర్మనే ప్లాంట్లు కట్టించే శాఖకి కార్యదర్శి. అంటే అమెరికా 1975లో విడదీసిన ముడి. 2012లో కాగ్ దీన్ని గట్టిగా ఎత్తిచూపింది, స్వతంత్ర సంస్థ కోసం 2011లో పెట్టిన బిల్లు 2014లో లోక్‌సభతోపాటే మురిగిపోయింది. జపాన్‌లో కూడా ఫుకుషిమా దాకా రెగ్యులేటర్ పరిశ్రమల శాఖ కిందే ఉండేది, 2012లో విడదీశారు.

మీరు సభలో రేడియేషన్ వస్తుందా అని అడిగితే రాదు అంటారు, అయిపోతుంది. ఇలా అడగండి. వోగ్టల్‌లో, చైనాలో ఇదే రకం నడుస్తోంది కదా, అక్కడ ఏదైనా వాల్వు పట్టేస్తే ఆ సంగతి ఇక్కడి షిఫ్ట్ వాళ్ళకి ఎన్ని రోజుల్లో చేరుతుంది, ఎవరు చేరుస్తారు? సైరన్ మోగితే సముద్రం మీద వేటలో ఉన్న తెప్పలకి ఎలా తెలుస్తుంది? తుఫాను రోజే మోగితే ఏ రోడ్డు మీద వెళ్ళాలి, ఆ రోడ్డు వేశారా, వేసినట్టు సంతకం పెట్టారా?

ప్రశ్న: అంకుల్, మేం హారిస్‌బర్గ్ దగ్గరికి మారి రెండేళ్ళయింది, మావారిది ఐటీ ఉద్యోగం. నది పక్కన రోడ్డు మీద వెళ్తుంటే ఆ పెద్ద టవర్లు కనిపిస్తాయి. మళ్ళీ తెరుస్తారంటున్నారు, కరిగిపోయిందే తెరుస్తారా? తెరిస్తే అందులోంచి వచ్చే పొగ రేడియేషనా అని మా బాబు రోజూ అడుగుతున్నాడు.
– ఒక తెలుగు ఇల్లాలు, పెన్సిల్వేనియా

జవాబు: కరిగిపోయింది కాదమ్మా, దాని పక్కది. మొదటి యూనిట్‌కి ప్రమాదంలో ఏమీ కాలేదు, అయినా ఆరేళ్ళకి పైగా ఆపేసి ఉంచారు, 1982లో మీ చుట్టుపక్కల కౌంటీల్లో ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు, ఆ ఓటుకి చట్టబలం లేదు, 1985 అక్టోబర్‌లో మళ్ళీ తిరిగింది. 2019 సెప్టెంబర్‌లో గిట్టుబాటు కాక మూసేశారు. 2024 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ 20 ఏళ్ళపాటు కరెంటు కొంటానంది కాబట్టి క్రేన్ క్లీన్ ఎనర్జీ సెంటర్ అని పేరు మార్చి తెరుస్తామన్నారు. పేరు మార్చడం నాకు నచ్చలేదు, కానీ యంత్రం మంచి రికార్డున్నదే.

రెండో యూనిట్‌ని శుభ్రం చేయడానికి 14 ఏళ్ళు, దాదాపు 100 కోట్ల డాలర్లు పట్టింది, కరిగిన ముద్దని ముక్కలు చేసి రైల్లో ఐడహోకి పంపించారు. మీ ఇంటికి ఎమర్జెన్సీ ప్లాను కాగితాలేవైనా వస్తే చెత్తలో వెయ్యకండి, ఆ శుక్రవారం గందరగోళం వల్లే అవి వచ్చాయి.

బాబుకి చెప్పండి, అది పొగ కాదు, ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చేదే, నీటి ఆవిరి. టవర్లు నాలుగు. రెండో యూనిట్‌వి రెండూ ఎవరు ఏది తెరిచినా మళ్ళీ ఆవిరి వదలవు, వాటిల్లోంచి ఆఖరిసారి వచ్చింది 1979 మార్చిలో.